కౌలు గేమ్‌లు, గాదెలో గేమ్‌లు

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరండి. భీమవరంలో ఇంజనీరింగ్ రెండో ఏడాది చదువుతున్నాను. ఇంట్లో 500 జీబీ ఎస్‌ఎస్‌డీ, 1 టీబీ హార్డ్ డిస్క్ ఉన్న పీసీ ఉంది. ఊళ్లో కేబుల్ ఆయన వేసిన ఫైబర్ 30 ఎంబీపీఎస్ వస్తుంది. గాలివాన కొడితే కొబ్బరి మట్టలు తీగల మీద పడి రెండు మూడు రోజులు నెట్ ఉండదు. గేమ్‌లకి ఏడాదికి 4,000 రూపాయల దాకా పెట్టగలను. గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ల మీద హాస్టల్లో స్టీమ్ జట్టు, ఎపిక్ జట్టు అని రోజూ తగువే. స్టీమ్ ప్రతి అమ్మకంలో 30 శాతం కమీషన్ మింగేస్తుందని ఒకళ్లు, ఎపిక్ చైనా గూఢచారి అని ఇంకొకళ్లు. జీఓజీ అనే ఇంకో స్టోర్‌లో కొంటేనే గేమ్ మన సొంతమని మూడో మాట. కీలు (గేమ్‌ని మన ఖాతాలో చేర్చే కోడ్‌లు) అమ్మే సైట్లలో సగం ధరకే దొరుకుతున్నాయి. కిందటి నెల ఒక స్టోర్‌లో కొన్న గేమ్ ఇంకో కంపెనీ లాంచర్ (గేమ్‌ని తెరిచే ప్రోగ్రామ్) అడిగింది, నెట్ పోయిన రోజున అసలు తెరుచుకోలేదు. తొమ్మిదో తరగతి చదివే తమ్ముడు కూడా అదే పీసీలో ఆడతాడు. నేను ఎక్కడ కొనాలండి?

సమాధానం: మీ హాస్టల్లో రెండు జట్లు చెప్పేదాంట్లోనూ నిజం ఉంది. కాకపోతే ఆ నిజాలు ఎక్కువగా గేమ్ తయారుచేసేవాళ్ల జేబుకీ, స్టోర్ నడిపేవాళ్ల జేబుకీ సంబంధించినవి. మీ 4,000 రూపాయల మాటకొస్తే అడగాల్సినవి వేరే ఉన్నాయి. నెట్ లేనప్పుడు గేమ్ తెరుచుకుంటుందా? నచ్చకపోతే డబ్బు వెనక్కి వస్తుందా? రేపు ఆ స్టోర్ మూతపడినా, మనసు మార్చుకున్నా మీ దగ్గర ఏం మిగులుతుంది? ఈ మూడింటికీ జవాబు స్టోర్‌ని బట్టి కొంత మారుతుంది, గేమ్‌ని బట్టి ఇంకా ఎక్కువ మారుతుంది. అందుకని ప్రతి గేమ్‌కీ విడిగా ‘దీన్ని ఎక్కడ కొనాలి’ అని చూసుకోమంటాం.

ముందు సొంతం సంగతి. మీ వైపు చేలు చేసేవాళ్లలో చాలామంది కౌలుదార్లే కాబట్టి ఈ తేడా మీకు విడమరిచి చెప్పక్కర్లేదు. దున్నేదీ మనమే, కోసేదీ మనమే, పట్టా మాత్రం ఇంకొకరి పేర ఉంటుంది. డిజిటల్ గేమ్ కొనడమూ అంతే. మీకు దక్కేది వాడుకునే లైసెన్సు. స్టీమ్ ఆ మాటని 2024 అక్టోబర్ నుంచి డబ్బు కట్టే పేజీలోనే రాసి చూపిస్తోంది. కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 నుంచి అమల్లోకొచ్చిన చట్టం, డిజిటల్ సరుకు అమ్మేటప్పుడు అది లైసెన్సు మాత్రమేనని కొనేవాళ్లకి స్పష్టంగా చెప్పాలంటుంది. కాగితం మీద చూస్తే జీఓజీ ఇచ్చేదీ లైసెన్సే. తేడా అంతా సరుకు ఎవరి గాదెలో ఉందన్న దగ్గర వస్తుంది. జీఓజీ ప్రతి గేమ్‌కీ ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలర్ ఫైళ్లు ఇస్తుంది. వాటిని దించుకుని మీ డిస్క్‌లో పెట్టుకుంటే, తర్వాత ఆ సైటే లేకపోయినా, మీ ఇంట నెట్టే లేకపోయినా గేమ్ ఎక్కుతుంది, ఆడుతుంది.

ఇది ఊరికే పెట్టే భయం కాదు. మైక్రోసాఫ్ట్ ‘గేమ్స్ ఫర్ విండోస్ లైవ్’ అంగడిని 2013లో మూసేసింది. బెథెస్డా సొంత లాంచర్ 2022 మేలో ఆగిపోయింది, అందులో కొన్నవాళ్లు గేమ్‌లని స్టీమ్‌కి మార్చుకోవాల్సి వచ్చింది. గూగుల్ వాళ్ల గేమ్ స్ట్రీమింగ్ సేవ స్టేడియా 2023 జనవరిలో మూతపడింది, అది మాత్రం కొన్నవాళ్లకి డబ్బు వాపసు ఇచ్చింది. అన్నిటికంటే చేదు అనుభవం యూబీసాఫ్ట్ కంపెనీ గేమ్ ‘ది క్రూ’ది. 2024 మార్చి 31న సర్వర్లు ఆపారు, తర్వాత కొన్నవాళ్ల ఖాతాల్లోంచి లైసెన్సులు కూడా తీసేశారు. ఒంటరిగా ఆడేవాళ్లకీ ఆ గేమ్ లేకుండా పోయింది. ‘స్టాప్ కిల్లింగ్ గేమ్స్’ ఉద్యమం పుట్టింది ఆ కోపంలోంచే. దీన్నీ అమ్మకం ఆపేయడాన్నీ ఒకటిగా చూడకండి. ‘ఫోర్జా హొరైజన్ 4’ అమ్మకం 2024 డిసెంబర్‌లో ఆపేశారు కానీ, ముందు కొన్నవాళ్లు ఇప్పటికీ దించుకుని ఆడుకోవచ్చు. అంటే స్టోర్ ఎంత పెద్దదైనా, గేమ్ ప్రాణం కంపెనీ సర్వర్‌లో ఉంటే ఆ సర్వర్‌తోనే పోతుంది. అలాంటి గేమ్‌ని ఎక్కడ కొన్నా కౌలే.

జీఓజీ 2008లో మొదలైంది, పాత గేమ్‌లతో. పోలెండ్‌కి చెందిన సీడీ ప్రాజెక్ట్ వాళ్లు పెట్టారు. కథ ఉండి ఒంటరిగా ఆడుకునే గేమ్ ఏదైనా అక్కడ దొరికితే, ధర సమానంగా ఉన్నంతవరకూ మా ఓటు జీఓజీకే. వాపసు గడువు కూడా అక్కడే ఎక్కువ: 2020 నుంచి 30 రోజులు, ఆడినా సరే. కానీ సైట్లో కొని వదిలేస్తే ఉపయోగం లేదు. చాలామంది గెలాక్సీ అనే వాళ్ల లాంచర్‌తో ఇన్‌స్టాల్ చేసుకుని, ‘ఇక నాదే’ అనుకుంటారు. గాదెలో పోయాల్సిన ధాన్యం ఇంకా కల్లంలోనే ఉన్నట్టు లెక్క. బ్రౌజర్‌లో మీ ఖాతా తెరిచి, గేమ్ మీద నొక్కి, ఆఫ్‌లైన్ బ్యాకప్ ఇన్‌స్టాలర్ల జాబితాలో ఉన్న ఫైళ్లన్నీ దించాలి. పెద్ద గేమ్ ఒక సెటప్ ఫైలుగా, దానితోపాటు సుమారు 4 జీబీ చొప్పున ముక్కలుగా వస్తుంది. ఒక్క ముక్క తగ్గినా సెటప్ మధ్యలో ఆగిపోతుంది. డీఎల్‌సీలకి (విడిగా అమ్మే అదనపు భాగాలు), ప్యాచ్‌లకి (తర్వాత వచ్చే సవరణలు) విడి ఫైళ్లుంటాయి, అవీ తీసుకోండి. దించాక ఒక్కసారి నెట్ కేబుల్ పీకి ఆ ఫైళ్లతోనే ఇన్‌స్టాల్ చేసి చూడండి. డౌన్‌లోడ్‌లో ముక్క పాడైతే అక్కడే బయటపడుతుంది, తుఫాను రోజున కాదు. పెట్టుకునే డిస్క్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌లోనో ఎక్స్‌ఫ్యాట్‌లోనో ఫార్మాట్ చేసి ఉండాలి. ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు. సముద్రం దగ్గర ఊళ్లలో ఉప్పుగాలికి యూఎస్‌బీ పోర్టుల లోహం తుప్పు పడుతుంది. ఎక్స్‌టర్నల్ డిస్క్‌ని బీరువాలో ఊరికే పడేయకుండా, మూత బిగుతుగా ఉండే డబ్బాలో రెండు సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి.

జీఓజీలో లోపాలు లేవా అంటే ఉన్నాయి. స్టీమ్‌లో వచ్చిన ప్యాచ్ కొన్ని గేమ్‌లకి ఇక్కడ రోజులు, వారాలు ఆలస్యంగా వస్తుంది. స్టీమ్ వర్క్‌షాప్‌లో ఉండే మాడ్‌లు (ఆటగాళ్లే తయారుచేసిన మార్పులు) చాలావరకు ఇక్కడ కొన్నవాళ్లకి నేరుగా అందవు. 2021లో ‘హిట్‌మ్యాన్’ని అమ్మకానికి పెట్టారు, అందులో సగం సరదా నెట్ ఉంటేనే తెరుచుకునేది. కొన్నవాళ్లు గట్టిగా నిలదీసేసరికి కొద్ది వారాల్లోనే తీసేశారు. డీఆర్‌ఎం (కాపీ చేయకుండా వేసే తాళం) లేదని బోర్డు ఉన్నంత మాత్రాన గేమ్ పేజీలో మల్టీప్లేయర్ గురించి, ఖాతా గురించి రాసింది చదవకుండా కొనకూడదు. ఇంకో అడ్డంకి డబ్బు కట్టే దగ్గర. ధర డాలర్లలో కనిపిస్తే అది విదేశీ లావాదేవీ. రిజర్వ్ బ్యాంక్ 2020లో తెచ్చిన నిబంధన వల్ల కొత్త డెబిట్, క్రెడిట్ కార్డులు మామూలుగా దేశం లోపలి లావాదేవీలకే పనిచేస్తాయి. బ్యాంకు యాప్‌లో కార్డు సెట్టింగుల్లోకి వెళ్లి అంతర్జాతీయ వాడకం ఆన్ చేసి, పరిమితి 1,500 రూపాయల్లాంటి చిన్న మొత్తానికి పెట్టి, కొన్నాక మళ్లీ ఆఫ్ చేయండి. కార్డు నాన్నగారిదైతే ఈ సంగతి ముందే చెప్పి చేయండి. బ్యాంకు వేసుకునే మారకం రుసుము, దాని మీద జీఎస్‌టీ కూడా ధరలో కలుపుకుని పోల్చాలి.

ఇక స్టీమ్. 30 శాతం మాట నిజమే. 2018 చివర్లో స్టీమ్ నడిపే కంపెనీ వాల్వ్ దాన్ని కొంచెం సడలించింది: ఒక గేమ్ కోటి డాలర్ల అమ్మకం దాటితే ఆపై మొత్తం మీద 25 శాతం, 5 కోట్లు దాటితే 20 శాతం. అంటే తగ్గింపు దక్కింది పెద్ద కంపెనీలకి, చిన్నవాళ్లకి 30 శాతమే మిగిలింది. ఇది అన్యాయమనే మా అభిప్రాయం. ఎపిక్ 2018 డిసెంబర్‌లో 12 శాతంతో మొదలుపెట్టింది, 2025 జూన్ నుంచి ఒక్కో గేమ్‌కి ఏడాదిలో మొదటి 10 లక్షల డాలర్ల దాకా అసలు కమీషనే తీసుకోవడం లేదు. మరి కమీషన్ తగ్గితే మనకి ధర తగ్గాలి కదా? చాలావరకు తగ్గలేదు. మొదట్లో ‘మెట్రో ఎక్సోడస్’ని అమెరికాలో 59.99 డాలర్లకి బదులు 49.99కి ఇచ్చారు గానీ, అది ఆనవాయితీ కాలేదు. స్టీమ్ కంటే చవగ్గా ఇంకోచోట అమ్మకుండా వాల్వ్ కట్టడి చేస్తోందని గేమ్‌లు తయారుచేసే వుల్ఫైర్ గేమ్స్ 2021లో అమెరికాలో దావా వేసింది. 2024 నవంబర్‌లో కోర్టు దాన్ని క్లాస్ దావాగా (అలాంటి వాళ్లందరి తరఫునా ఒకే దావాగా) సాగడానికి ఒప్పుకుంది. ఆరోపణని వాల్వ్ కాదంటోంది. ఆ తీర్పు వచ్చేదాకా మీకు వర్తించే మాట ఒకటే: కమీషన్ ఎంతన్నది తయారీదారుకి ముఖ్యం, మీ బిల్లులో దాని జాడ కనిపించదు.

మీకు స్టీమ్ పనికొచ్చేది వేరే కారణాలకి. రూపాయల్లో ధర ఉంటుంది, యూపీఐతో కట్టొచ్చు, వాపసు సాఫీగా జరుగుతుంది. కొన్న 14 రోజుల్లో, ఆడిన సమయం 2 గంటలు దాటకపోతే వాపసు ఇస్తారు. దించడానికి పట్టిన సమయం ఆటగా లెక్కకి రాదు. కానీ గేమ్ తెరిచి, మెనూ దగ్గర వదిలేసి అన్నానికి వెళితే ఆ ముప్పావు గంటా లెక్కకొస్తుంది. గేమ్‌తోపాటు తెరుచుకునే ఇంకో కంపెనీ లాంచర్‌లో గడిపిన సమయం కూడా అంతే. డబ్బు కట్టిన దారికే వెనక్కి పంపుతారు. ఆ దారికి పంపడం కుదరకపోతే స్టీమ్ వాలెట్‌లో వేస్తారు.

ఈ రెండు గంటలని మీలాంటివాళ్లు వాడుకోవాల్సిన తీరు ఒకటుంది. గేమ్ నచ్చిందా లేదా అని తేల్చుకోవడంతో ఆగకండి. కొన్న గేమ్ పూర్తిగా దిగాక నెట్ ఉండగా తెరిచి, కొత్త ఆట మొదలుపెట్టి పది నిమిషాలు ఆడి, సేవ్ చేసి బయటికి రండి. స్టీమ్ మెనూలో గో ఆఫ్‌లైన్ నొక్కండి. రౌటర్ నుంచి వచ్చే కేబుల్ పీకేయండి, వైఫై ఆపేయండి. పీసీ ఒకసారి రీస్టార్ట్ చేసి, స్టీమ్‌ని ఆఫ్‌లైన్‌లోనే తెరిచి, గేమ్ నడపండి. సేవ్ కూడా తెరుచుకుంటే మీ పరీక్ష పాసైనట్టే. మొత్తం అరగంట పని. తెరుచుకోకపోతే ఆ రోజే వాపసు అడగండి. కొన్ని గేమ్‌లు డెనువో అనే రక్షణ వాడతాయి. మొదటిసారి తెరిచినప్పుడు అది నెట్‌లో మీ పీసీని గుర్తుపెట్టుకుని ఒక టోకెన్ ఇస్తుంది. విండోస్‌లో పెద్ద మార్పో, హార్డ్‌వేర్ మార్పో జరిగితే మళ్లీ నెట్ అడుగుతుంది. మామూలుగా 24 గంటల్లో 5 యంత్రాలకి మించి ఒప్పుకోదు కూడా. గేమ్ నడవడం లేదని హార్డ్‌వేర్, విండోస్ మార్చి మార్చి ప్రయోగాలు చేసేవాళ్లకి ఇది తెలియక, గేమ్ ఒక రోజంతా తాళం పడిపోతుంది.

మీరు కిందటి నెల దెబ్బతిన్నది ఈ సమాచారం చూడకపోవడం వల్లే. స్టీమ్‌లో ప్రతి గేమ్ పేజీకి కుడివైపు, భాషల పట్టిక పరిసరాల్లో, వేరే కంపెనీ ఖాతా కావాలన్నా, వేరే డీఆర్‌ఎం ఉన్నా ఒక చిన్న పెట్టెలో రాసి ఉంటుంది. యూబీసాఫ్ట్, ఈఏ, రాక్‌స్టార్ గేమ్‌లు స్టీమ్‌లో కొన్నా ఎపిక్‌లో కొన్నా చాలావాటికి వాళ్ల లాంచర్ కూడా కావాలి. ఒక్కో గేమ్ ఏ స్టోర్‌లో ఏ తాళంతో వస్తుందో పీసీ గేమింగ్ వికీ అనే సైట్లో పట్టికగా ఉంటుంది. కొనేముందు అది చూడడం అలవాటు చేసుకోండి. స్టీమ్‌లో కొన్నా లాంచర్ లేకుండా ఫోల్డర్‌లోని ఈఎక్స్‌ఈ ఫైలు నొక్కితే నడిచే గేమ్‌లు కూడా ఉన్నాయి. స్టీమ్ తాళం వేయడం తప్పనిసరి కాదు, తయారీదారు ఇష్టం. ఎపిక్‌లోనూ అంతే. ఆ పట్టిక మీకు వాటినీ చూపిస్తుంది.

కొన్న గేమ్‌ని ఇప్పుడు బాగుచేసుకునే మార్గం: ఆ రెండో లాంచర్‌ని నెట్ ఉండగా విడిగా తెరిచి, పాస్‌వర్డ్ గుర్తుంచుకునేలా టిక్ పెట్టి లాగిన్ అవ్వండి. దాని అప్‌డేట్ పూర్తిచేసి, గేమ్ ఒకసారి నడిపి, దాని సెట్టింగుల్లో ఆఫ్‌లైన్ మోడ్ ఉంటే ఆన్ చేయండి. చాలాసార్లు అడ్డుపడేది గేమ్ కాదు, లాంచర్ తనని తాను అప్‌డేట్ చేసుకోలేక ఆగిపోవడమే. అప్పటికీ తెరుచుకోకపోతే గడువు దాటినా వాపసు అడిగి చూడండి. స్టీమ్‌లో కొన్నదైతే నిబంధన దాటిన అభ్యర్థనలు కూడా పరిశీలిస్తామని వాళ్ల విధానంలోనే ఉంది. ఇస్తారన్న హామీ లేదు, అడిగినందుకు నష్టమూ లేదు.

తమ్ముడికి మీ పాస్‌వర్డ్ ఇవ్వకండి. స్టీమ్‌లో 2024 నుంచి ఫ్యామిలీస్ అనే ఏర్పాటు ఉంది. ఆరుగురి దాకా చేరొచ్చు. అతనికి పిల్లల ఖాతా తెరిచి చేర్చండి. ఏ గేమ్‌లు చూడాలో, రోజుకి ఎంతసేపు ఆడాలో మీరు నిర్ణయించొచ్చు. మీరు హాస్టల్లో ఒక గేమ్ ఆడుతుంటే అతను ఇంట్లో మీ ఇంకో గేమ్ ఆడుకోవచ్చు, ఒకే గేమ్‌ని ఇద్దరూ ఒకేసారి ఆడాలంటే మాత్రం రెండు కాపీలు ఉండాలి. అన్ని గేమ్‌లకీ ఈ వీలు ఉండదు, పేజీలో ఫ్యామిలీ షేరింగ్ అని రాసి ఉందో లేదో చూడాలి. ఇక్కడ రెండు జాగ్రత్తలు. మీ గేమ్‌లో తమ్ముడు చీట్ వాడి దొరికితే, ఆ గేమ్‌లో మీ మీద కూడా నిషేధం పడుతుంది. రెండోది, ఒకరు బయటికి వెళితే ఆ చోటు ఏడాది దాకా ఖాళీగానే ఉంటుంది. హైదరాబాద్‌లో ఉన్న పెదనాన్నగారబ్బాయి అడిగాడనీ, హాస్టల్ స్నేహితుడు అడిగాడనీ చేర్చేయకండి. ఇది ఒకే ఇంట్లో ఉండేవాళ్ల కోసం పెట్టిన ఏర్పాటు.

ఎపిక్ సంగతి. చైనా గూఢచారి అన్న మాటకి మూలం రెండు విషయాలు. చైనా కంపెనీ టెన్సెంట్ 2012లో ఎపిక్‌లో సుమారు 40 శాతం వాటా కొంది, కానీ కంపెనీ పగ్గాలు దాన్ని స్థాపించిన టిమ్ స్వీనీ చేతిలోనే ఉన్నాయి. రెండోది, 2019లో ఎపిక్ లాంచర్ అడగకుండానే పీసీలోని స్టీమ్ ఫైలు ఒకదాన్ని కాపీ చేసుకుంటోందని బయటపడింది. స్నేహితుల జాబితా దిగుమతి కోసమనీ, మీరు ఒప్పుకుంటేనే పంపుతామనీ చెప్పారు, తొందరలో చేసిన పని అని స్వీనీయే ఒప్పుకున్నాడు. అది తప్పే. దాన్నిబట్టి మీ సమాచారం చైనాకి వెళుతోందని అనడానికి మాత్రం రుజువు లేదు. ఎపిక్ మీద మాకున్న అసలు ఫిర్యాదు వేరు. జనం ఆశగా ఎదురుచూస్తున్న గేమ్‌లని డబ్బిచ్చి ఆరు నెలలకో ఏడాదికో తన స్టోర్‌కే కట్టిపడేసింది. ‘మెట్రో ఎక్సోడస్’ 2019 ఫిబ్రవరిలో విడుదల కావడానికి రెండున్నర వారాల ముందు స్టీమ్ అమ్మకం నుంచి మాయమైంది. ‘బోర్డర్‌ల్యాండ్స్ 3’ ఆరు నెలల తర్వాత గానీ స్టీమ్‌కి రాలేదు. ఆ డబ్బు స్టోర్‌ని బాగుచేయడానికి పెట్టి ఉంటే బాగుండేది. ఒకేసారి రెండు గేమ్‌లు కొనడానికి కావాల్సిన బుట్ట కూడా 2021 డిసెంబర్‌లో వచ్చింది, స్టోర్ మొదలైన మూడేళ్లకి! కొన్నవాళ్లు రాసే సమీక్షలు ఈ స్టోర్‌లో చదవలేం. అందుకే ఎపిక్‌లో ఏదైనా కొనాలనుకుంటే స్టీమ్ పేజీకి వెళ్లి అక్కడి ఇటీవలి సమీక్షలు చదివి రావాల్సిందే.

అయినా ఎపిక్ ఖాతా తెరవండి, ఉచిత గేమ్‌ల కోసం. ప్రతి గురువారం రాత్రి మన టైము 8:30కి, అమెరికాలో శీతాకాలం టైము నడిచే నవంబర్ నుంచి మార్చి దాకా 9:30కి, కొత్త గేమ్ పెడతారు. వారంలోపు తీసుకుంటే ఖాతాలో ఉండిపోతుంది. తీసుకోవడానికి దించక్కర్లేదు, ఫోన్ బ్రౌజర్‌లో నొక్కితే చాలు. డిసెంబర్ చివర్లో కొన్నాళ్లు రోజుకొకటి ఇస్తుంటారు. 2020 మేలో జీటీఏ 5 ఉచితంగా పెట్టిన రోజు రద్దీకి సైటే కూలబడింది. కాబట్టి మొదటి గంటలో తెరుచుకోకపోతే కంగారు పడకుండా మర్నాడు చూడండి. డబ్బు పెట్టి కొనడం మాత్రం అది ఎపిక్‌లోనే దొరికే గేమ్ అయితేనో, తేడా కనీసం 200, 300 రూపాయలు ఉంటేనో చేయండి. వాపసు నియమం స్టీమ్ లాంటిదే: 14 రోజులు, 2 గంటలు. సెట్టింగుల్లో ఆఫ్‌లైన్‌కి అనుమతించే టిక్ ఉంటుంది, అది ముందే పెట్టుకోండి.

నెలకి అద్దె కట్టే గేమ్ పాస్ లాంటివి మీ అవసరానికి సరిపోవు. నెట్ నమ్మకంగా ఉండి, నెలకి రెండు మూడు గేమ్‌లు ముగించేవాళ్లకి గిట్టుబాటు.

సగం ధర కీల గురించి గట్టిగా చెబుతాం: వద్దు. ఆ సైట్లు చాలావరకు సొంతంగా అమ్మేవి కావు, ఎవరో తెచ్చిన కీలకి సంతలాంటివి. దొంగ కార్డుతో కొన్న కీ కూడా అందులో చేరుతుంది. కార్డు అసలు యజమాని బ్యాంకుకి చెప్పగానే డబ్బు వెనక్కి పోతుంది, తయారీదారు నష్టపోతాడు, ఆ కీని రద్దు చేస్తే మీ లైబ్రరీలోంచి గేమ్ పోతుంది. ‘ఫ్యాక్టోరియో’ తయారుచేసిన వూబ్ సంస్థ తమ కీల విషయంలో పోరాడితే, జీ2ఏ అనే సైట్ 198 కీలు దొంగసొత్తేనని 2020లో ఒప్పుకుని 39,600 డాలర్లు కట్టింది. అంతకంటే పాడు వ్యాపారం టెలిగ్రామ్, వాట్సాప్ గ్రూపుల్లో నడిచే ‘ఆఫ్‌లైన్ యాక్టివేషన్’. రెండు మూడు వందలకి ఎవరిదో స్టీమ్ ఖాతా లాగిన్ ఇస్తారు, గేమ్ దించుకుని ఆఫ్‌లైన్‌లో ఆడుకోమంటారు. అదే ఖాతా ఎందరికో అమ్ముతారు. పాస్‌వర్డ్ మారిన రోజున మీ డబ్బు గోదాట్లో కలిసినట్టే, అడగడానికి బిల్లు కూడా ఉండదు. చవగ్గా కావాలంటే ఓపికే దారి. స్టీమ్‌డీబీ అనే సైట్లో ఒక గేమ్ ధర రూపాయల్లో ఎప్పుడు ఎంతకి తగ్గిందో గ్రాఫుగా కనిపిస్తుంది. అప్పటి కనిష్ఠ ధర రాసిపెట్టుకుని, సేల్‌లో దాని దగ్గరికి వస్తేనే కొనండి. సమ్మర్ సేల్ జూన్ ఆఖర్లో మొదలవుతుంది. వింటర్ సేల్ డిసెంబర్ మూడో వారం నుంచి జనవరి మొదటి వారం దాకానే, సంక్రాంతి సెలవులకి వచ్చాక చూద్దామనుకుంటే దాటిపోతుంది.

మీ 4,000 ఇలా పంచుకోమంటాం. సుమారు 2,500 జీఓజీలో, సేల్‌లో, ఒంటరిగా ఆడే కథా గేమ్‌ల మీద పెట్టి, ఇన్‌స్టాలర్లు 1 టీబీ డిస్క్‌లో దాచండి. మిగతా 1,500 స్టీమ్‌లో, స్నేహితులతో ఆడేవాటికీ, మాడ్‌లు ముఖ్యమైనవాటికీ. ఎపిక్‌కి సున్నా. లాంచర్లు ఎక్కువై చిరాకు పుడితే ప్లేనైట్ అనే ఉచిత ప్రోగ్రామ్ అన్ని స్టోర్ల గేమ్‌లనీ ఒకే జాబితాలో చూపిస్తుంది.

30 ఎంబీపీఎస్ అంటే సెకనుకి 3.75 మెగాబైట్లే, స్టీమ్‌లో అలా కనిపిస్తే నెట్ సరిగా లేదనుకోకండి. 60 జీబీ గేమ్ దిగడానికి నిండా వేగం వస్తే నాలుగున్నర గంటలు. డౌన్‌లోడ్ సెట్టింగుల్లో రాత్రి 12 నుంచి ఉదయం 6 వరకు అని పెట్టుకోండి, మీ ప్లాన్‌లో నెల పరిమితి ఎంతో కేబుల్ ఆయన్ని కనుక్కోండి. అదే గేమ్ ఉన్న స్నేహితుడు ల్యాప్‌టాప్ తెస్తే ఇద్దరూ ఒకే రౌటర్‌కి కేబుల్‌తో కలిపి, స్టీమ్‌లో లోకల్ నెట్‌వర్క్ ద్వారా గేమ్ ఫైళ్లు పంపే అమరిక ఆన్ చేయండి. గిగాబిట్ పోర్టులు, ఎస్‌ఎస్‌డీలు ఉంటే పది, పదిహేను నిమిషాల్లో అయిపోతుంది, నెట్ డేటా దాదాపు ఖర్చు కాదు. ఎపిక్‌లో ఆ వీలు లేదు గానీ, ఇన్‌స్టాల్ మొదలుపెట్టి ఒకటి రెండు శాతం దగ్గర ఆపి, లాంచర్ మూసి, స్నేహితుడి ఫోల్డర్‌లోని ఫైళ్లని మీ ఫోల్డర్‌లోకి కాపీ చేసి మళ్లీ కొనసాగిస్తే, ఉన్నవాటిని సరిచూసుకుని లేనివే దించుకుంటుంది. కాపీ చేసేటప్పుడు ‘.egstore’ అని ఉండే ఫోల్డర్ వదిలేయండి.

2 జీబీ అప్‌డేట్‌కి డిస్క్ గంటసేపు గిరగిరా తిరగడం చూసి వైరస్ అనుకునేవాళ్లున్నారు. గేమ్‌లో ఒక్కో ప్యాక్ ఫైలు 20, 30 జీబీ ఉంటుంది. అందులో కొంచెం మారినా ఫైలంతా తిరిగి రాయాలి, రాసేదాకా పాతదీ కొత్తదీ రెండూ డిస్క్‌లో ఉండాలి. తరచూ అప్‌డేట్ వచ్చే గేమ్‌లని ఎస్‌ఎస్‌డీలో ఉంచి, అక్కడ 60, 70 జీబీ ఎప్పుడూ ఖాళీగా వదలండి. రాస్తుండగా కరెంటు పోతే ఫైలు పాడవుతుంది. అప్పుడు గేమ్ తీసేసి మళ్లీ దించక్కర్లేదు. స్టీమ్‌లో గేమ్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, ఇన్‌స్టాల్డ్ ఫైల్స్, వెరిఫై. చెడిన ముక్కలే దిగుతాయి. ఎపిక్‌లో మూడు చుక్కల మెనూలో, గెలాక్సీలో ఇన్‌స్టాలేషన్ మెనూలో ఇదే పని చేసే వెరిఫై ఉంటుంది.

తుఫాను హెచ్చరిక వచ్చిన సాయంత్రం చేయాల్సింది ఇది. మీ పక్క సాధారణంగా కరెంటు ముందొస్తుంది, ఫైబర్ వెనక వస్తుంది, ఆ మధ్య రోజుల కోసమే ఈ తయారీ. స్టీమ్‌లో పెండింగ్ అప్‌డేట్లన్నీ పూర్తిచేయండి, సగంలో ఆగిన గేమ్ ఆఫ్‌లైన్‌లో తెరుచుకోదు. ఆడాలనుకున్న రెండు మూడు గేమ్‌లని ఒక్కొక్కటి తెరిచి మూయండి. సేవ్ ఫైళ్లు కొన్ని డాక్యుమెంట్స్‌లో, కొన్ని యాప్‌డేటాలో చెల్లాచెదురుగా ఉంటాయి. లూడుసావి (Ludusavi) అనే ఉచిత ప్రోగ్రామ్ వాటిని వెతికి ఒకచోట బ్యాకప్ చేస్తుంది, దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి. స్టీమ్‌ని గో ఆఫ్‌లైన్‌లో పెట్టి మూసేయండి. పీసీ షట్‌డౌన్ చేసి, గోడ ప్లగ్గూ, రౌటర్ అడాప్టరూ, పీసీకి వచ్చే నెట్ కేబులూ మూడూ పీకేయండి. కరెంటు వచ్చిన మొదటి అరగంట ఓల్టేజీ ఎగిరెగిరి పడుతుంది. అది నిలకడగా అయ్యాకే ప్లగ్ పెట్టండి.